లోపల వదిలిన గుడ్డ

మనామాలో మా కుట్టు కొట్టుకు మూడు అద్దాలు,
వచ్చినవాళ్ళు ముందూ వెనకా చూసుకోడానికి.
ఎనిమిది నెలలుగా నేను
వాటికి వీపు పెట్టే కుడతా ఉన్నా.

కీళ్ళవాతం అన్నారు పెద్దాసుపత్రిలో.
వచ్చి పోయే చుట్టం కాదంట,
నాతోనే కాపురమంట.
మాత్రలకు వేళ్ళ వాపు తగ్గింది.
తగ్గిందంతా వచ్చి మొహంలో కూచుంది,
నున్నగా, గుండ్రంగా, ఎవరిదో మొహం.
పొట్ట మీద ఊదారంగు చారలు,
గుడ్డను లాగి పట్టి కుట్టినచోట పడినట్టు.
ఉంగరం ఊడిరాకపోతే
బంగారు సూక్‌లో కత్తిరించి తీసి
చిల్లర ఇచ్చినట్టు
రెండు ముక్కలూ అరచేతిలో పెట్టినారు.

రాజంపేట నుంచి ఫోన్లో మా ఆడబిడ్డ:
"ఏం వదినా, భలే ఒళ్ళు చేసినావే!
అరబ్బు దేశం తిండి బాగా పట్టిండాది."
పక్కన ఎవరో నవ్వినారు.
నేనూ నవ్వినా.
ఆ పొద్దు నుంచీ నెట్టు సరిగ్గా లేదని చెప్పి
గొంతు ఒక్కటే పంపిస్తా ఉన్నా ఊరికి.

సూది వేసే ఎల్సమ్మ సిస్టర్‌ది కేరళ.
నా హిందీ, ఆమె హిందీ కలిపితే ఒక హిందీ.
"రాత్రి పది నిమిషాలు కళ్ళు మూసుకో.
నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టు.
నీ స్నేహితురాలికి ఇట్లా వస్తే ఏమంటావో
అది నీకు చెప్పుకో."
"అంతేనా?"
"అంతే. అదే కష్టం" అనింది, దూది పారేస్తా.

నిజమే.
పై మంచంలో మారిసెల్ గురక,
ఏసీ గొణుగుడు,
కింద నేను, నా చెయ్యి, నా మోకాలు.
మాట రాలేదు.
వచ్చినవన్నీ వేరేవాళ్ళవి:
పనికిమాలిందానా,
నలభైకే ముసిల్దానివైతివే,
ఆ నడకేందే బాతు మాదిరి.
ఇన్నేళ్ళూ లోపల ఎందర్ని
బాడుగ లేకుండా పెట్టుకున్నానో అప్పుడు తెలిసింది.
మూడో రాత్రి నిద్రపోయినా.
ఐదో రాత్రి ఏడ్చినా.
అది ధ్యానం కిందికి వస్తుందా అని
ఎల్సమ్మను అడగలేదు.

రంజాన్ ముందర, ఊపిరాడని రద్దీలో
మునీరా అని ఒకామె వచ్చింది.
మూడేళ్ళనాటి ఆకుపచ్చ జలాబియా
కాన్పు తర్వాత పట్టలేదు.
అద్దాల మధ్య నిలబడి
మూడు వైపులా తనను తానే తిట్టుకుంటా ఉంది.
మెడలో టేపు, నోట్లో గుండుసూది,
అలవాటు మాట, వచ్చీరాని అరబ్బీలో:
"తప్పు నీది కాదమ్మా. గుడ్డదీ కాదు.
కొలత మారింది. అంతే.
తెలివైనవాళ్ళు కుట్టేటప్పుడే
లోపల గుడ్డ వదిలిపెడతారు, చూడు."
తిరగేసి చూపించినా.
రెండు వేళ్ళ మందాన
ఎండ తగలని ఆకుపచ్చ,
కొన్ననాటి మాదిరే ఉంది.
ఆమె తిట్టడం ఆపింది.
నేను కుట్టు విప్పడం మొదలుపెట్టినా.

ఆ రాత్రి మోకాలి మీద చెయ్యి పెడితే
మొదటిసారి నా గొంతే వచ్చింది,
కొట్టులో మాట్లాడే గొంతు.
కొలత మారింది లే ఓబులమ్మా.
ఇంకేం తోచలేదు. అదే మళ్ళీ అన్నా,
మణికట్టుతో, చీలమండతో,
రోజుకు పద్నాలుగు గంటలు కూచున్న నడుముతో,
చివరికి, కొంచెం మొహమాటంగా, మొహంతో.
చీకట్లో పొట్ట మీది చారల్ని వేలితో చదివినా.
ఎవరు వదిలినారో
ఎంత వదిలినారో తెలీదు,
లోపల ఇంకా గుడ్డ ఉంది.

నొప్పి పోలేదు.
కత్తెర పట్టుకోవాలంటే పొద్దున్నే
పావుగంట ఉడుకునీళ్ళలో వేళ్ళు.
ఆడబిడ్డకు ఇంకా గొంతే పోతా ఉంది.

ఈ వారం అద్దాలు తుడిచే వంతు నాది.
నడిమి అద్దం ముందర
తడిగుడ్డతో కాసేపు నిలబడినా.
గుండ్రటి మొహం ఒకటి
కొలత ఇవ్వడానికి వచ్చినట్టు నిలబడుండాది.
"రామ్మా" అన్నా.

మిగతా రెండద్దాలు
రేపు తుడుస్తా.