రెండో శనివారం

బ్యాంకుకి సెలవు. నాకు క్లాసు.
తెల్లారగట్ల నాలుగున్నరకి రాజోలు బస్టాండు.
డ్రైవరు టీ గ్లాసు తొలిచి నీళ్లు పారబోసేదాకా
కిటికీ పక్కన నేను, ఒళ్లో లాప్‌టాప్ సంచీ,
సంచీ అడుగున స్ట్రాంగ్ రూము తాళంచెవి.
దాని జత జోజిబాబు ఇంట్లో.
రెండూ కలిస్తే గాని ఆ తలుపు కదలదు.

గన్నవరం అక్విడక్టు దగ్గర
కింద ఏరు, పైన కాలువ,
ఒకదాన్నొకటి తాకకుండా పోయే రెండు నీళ్లు.
ఫోను వెలుగులో నేను
పెట్టుబడి మీద రాబడి చదువుకుంటుంటాను.
రావులపాలెంలో అరటిగెలల సైకిళ్లు బస్సుకి అడ్డం.
గెలని ఒక్కసారి చేత్తో ఎత్తి ధర చెప్పేస్తున్నాడొకడు.
నా పుస్తకంలో దానికి పన్నెండు అధ్యాయాలు.

రాజమండ్రిలో, రెండో అంతస్తులో, ఏసీ చల్లదనంలో
నా పక్క కుర్రాడు
మా ఆడిట్‌కి వచ్చే పిల్లలకంటే చిన్నవాడు.
"మేడమ్, ఆ గడి కదలకుండా డాలర్ గుర్తు పెట్టండి"
అని వేలు పెట్టి చూపిస్తాడు.
లెడ్జర్లు చేత్తో రాసిన రోజుల్లో
పదమూడు పైసల తేడా కోసం
రాత్రి పదింటిదాకా కూర్చున్న దాన్ని.
నవ్వొస్తుంది.
డాలర్ గుర్తు పెడతాను.

"నలభై తొమ్మిదేళ్లకి ఇదెందుకమ్మా, ప్రమోషనుకా?"
రీజనల్ మేనేజరు గారు అడిగితే
ఆయ్, అన్నాను.
పాతికేళ్లుగా చేస్తున్న పనికి పేరేమిటో
తెలుసుకోవాలనుంది అంటే
ఫైల్లో ఏ గడిలో రాసుకుంటారాయన?

ఇవాళ పాఠం అప్పు, దాని రిస్కు.
బోర్డు మీద సమీకరణం.
ఆదాయం, ఆస్తి, పాత బాకీల చరిత్ర.
కాగితం లేనివాడి దగ్గర సున్నా.

ఆ సున్నాలో నుంచి యాళ్ల అబ్బులు లేచి నిలబడ్డాడు.
లంకలో మూడెకరాల కౌలు.
ఆసామి సంతకం పెట్టడు, కౌలు చీటీ రాదు.
దరఖాస్తు నేను వెనక్కిచ్చిన రోజు
కోప్పడలేదాయన.
"మీ రూలు మీదండి" అని
నా బల్ల అద్దం మీద తడి చేతిగుర్తు వదిలి వెళ్లాడు.
ఆ సార్వాకి నూటికి అయిదు వడ్డీ, బయట.
కట్టాడు. పైసాతో సహా కట్టాడు.
నాకెలా తెలుసంటే
వాళ్లావిడ దుద్దులు మా కౌంటరులోనే తాకట్టు పెట్టి కట్టాడు.
నాలుగు గ్రాముల రెండొందల మిల్లీ.
తూకం చీటీ మీద సంతకం నాదే.

ఈ సమీకరణం ప్రకారం ఆ రోజు నేను చేసింది రైటు.
పోయిన పరీక్షలో అలాగే రాశాను కూడా.
మార్కులు పడ్డాయి.

చెయ్యెత్తాను. బళ్లో ఎత్తినట్టే, సగం వరకు.
"మనం ఇవ్వననుకున్నవాడు
వేరే చోట తెచ్చుకుని తీర్చేస్తే
సార్, అతన్ని ఇందులో ఎక్కడ రాస్తాం?"
ప్రొఫెసరు గారు మార్కరు మూత పెట్టి
కాసేపు ఆలోచించారు.
"వెనక్కి పంపినవాళ్ల డేటా మన దగ్గర ఉండదండి."

మధ్యాహ్నం, పులిహోర పొట్లం మూలకి జరిపి
కుర్రాడు కొత్త షీటు తెరిచాడు.
"చెప్పండి మేడమ్, మొదటి గడి?"
చెప్పడం మొదలెట్టాను.
అబ్బులు. కాయిర్ తాళ్ల సుభద్రమ్మ.
సెకండ్ హ్యాండు ఆటో అడిగిన ఏసుపాదం.
పదిహేడో పేరు దగ్గర గొంతు పట్టింది.
అతను టైపు చేస్తూనే ఉన్నాడు, తలెత్తలేదు.
మంచి పిల్లాడు.

సోమవారం పొద్దున్న జోజిబాబు
తన తాళంచెవి తిప్పి నా మొహం చూశాడు.
"నిద్ర లేదాండి?"
నాది తిప్పాను.
లోపల అరలనిండా బంగారం కవర్లు.
ముందువైపు నంబరు.
పేరు వెనకవైపు ఉంటుంది.