వేలి మందం ఎడం

పదకొండేండ్ల దాక
కరెంటు తీగల మీద ముడులుంటయనుకున్న.
తెగినకాడల్లా ఎవరో లైన్‌మన్ వేసిన ముడులు.
మొదటిసారి అద్దాలు పెట్టుకున్నరోజు
బడి ముందటి తీగ మీద ఒక ముడి
తోక దులుపుకొని ఎగిరిపోయింది.

అప్పటిసంది బాకీ.

ఇప్పుడు నలభయ్యారు నాకు.
మైనస్ ఐదున్నర, దాని మీద సిలిండరు.
మహబూబ్‌నగర్ డిపోల కండక్టర్ని.
దేవరకద్ర దాటి కోయిల్‌సాగర్ దిక్కు మలిగినంక
టికెట్లు కొట్టుకుంటనే కిటికీలకెల్లి చూస్త.
నీళ్ల మీద తెల్లగ ఏదో. బూడిదగ ఏదో.
చిల్లర అడిగెటోళ్లు
ఆ ఏదోకు పేరు పెట్టనియ్యరు.

బకాయిలు చేతిల పడ్డ నెల
గడియారం కాడ మొయినుద్దీన్ సాబ్ దుకాణంల
బల్ల మీద బైనాక్యులర్లు పెట్టిచ్చిన.

మొదటిది బరువు. పదింతలు దగ్గరికి తెస్తదట.
తెచ్చింది,
నా చేతుల వణుకును గూడ పదింతలు చేసి తెచ్చింది.
పొద్దంత బస్సు కడ్డీ పట్టుకున్న చేతులాయె.
ఎదురుంగ గడియారం ముల్లు
జరమొచ్చినట్టు ఊగింది.

ఇంకోటి ముద్దుగున్నది, నల్లగ, నున్నగ.
అద్దాల మీద ఆనిస్తే లోకం రూపాయి బిళ్లంత.
చుట్టూత చీకటి.
గిరక బాయిలకు తొంగి చూసినట్టు
అడుగున పావురం తలకాయ ఒక్కటే.
కన్ను రవ్వంత జరిగితే
ఓ పక్కకెల్లి నల్ల నెలవంక పొడుస్తది.

"అద్దాలు తీసి చూడు కండక్టరమ్మా,
నడుమ చక్రం తిప్పితే అయిపాయె."
తీసిన. తిప్పిన.
మైనస్‌ను చక్రం మింగింది గని సిలిండరును మింగలే.
పావురం పక్కన ఇంకో పావురం,
టికెట్టు రెండుసార్లు అచ్చుపడ్డట్టు.

సరే, అదీ ఓర్చుకుంట అనుకో సాబ్,
పిట్టను ముందుగాల చూసేది కన్ను గదా, గొట్టం కాదు గదా.
అద్దాలు నెత్తి మీద. నెత్తికి చూపుండదు.
నేను వాటిని ముక్కు మీదికి దించుకునేలోపట
అది కృష్ణ దాటి రాయచూరు చేరదా?

సాబ్ నవ్విండు. ఆయనవీ సోడాబుడ్డి అద్దాలే.
లోపటికి పోయి దుమ్ముపట్టిన డబ్బా తెచ్చిండు.
ఎనిమిదింతలే.
కాగితం మీద చీమతలకాయ అక్షరాలు:
కంటి ఎడం పద్దెనిమిది మిల్లీమీటర్లు.
"ఇది ఎవ్వరు అడగరమ్మా.
ఎన్నింతలు, ఎంత, గంతే అడుగుతరు."

రబ్బరు గిన్నెలు కిందికి తిప్పిండు. అణిగినయి.
నా అద్దానికీ దాని అద్దానికీ నడుమ సన్నని రబ్బరు,
వెనుక నా కంటికి వేలి మందం గాలి.
చీకటి అంచు లేదు.
గడియారం, గడియారం మీద రెట్ట,
రెట్ట పక్కన పావురం,
దాని మెడల పచ్చా వంకాయరంగూ కలిసి మెరుస్తుంటే
ఇన్నేండ్లు దాన్ని ఉత్త బూడిద రంగనుకున్నందుకు
సిగ్గయింది.

బేరమాడిన. రెండొందలు తగ్గిచ్చిండు.
తుడుసుకునే గుడ్డపేలిక ఊరికే ఇచ్చిండు.

డ్యూటీ లేని ఆదివారం, కోయిల్‌సాగర్ కట్ట.
డ్రైవర్ ఆశన్న నా చేతులకెల్లి గుంజుకున్నడు.
"ఏం గనవడ్తలేదక్కా! రెండు నల్ల గుంతలు."
నీకు అద్దాల్లేవు గదరా, గిన్నెలు పైకి తిప్పుకో అన్న.
తిప్పుకున్నడు.
తర్వాత సేపటి దాక మాట్లాడలే.

"బొల్లికోడక్కా.
ముక్కు సున్నమేసినట్టున్నది. కన్ను చూడు, ఎర్రగ,
నైటవుట్ కొట్టి దిగినట్టే."

ఇయ్యమంటే ఇయ్యడు.
పావుగంటయింది.
ఉత్త అద్దాలతోని కట్ట మీద కూసున్న నేను.
దూరంగ నీళ్ల మీద నల్లటి ముడులు.

ఒక ముడి మునిగింది.
ఎక్కడ తేలుతదో చూస్తున్న.