ఒక కప్పు కొత్తిమీర

బొమ్మనహళ్ళిలో, మూడో అంతస్తు వంటగదిలో
నా ఉద్యోగం కాటా ముందు కూర్చోవడం.
ఓబుళమ్మ చేత్తో వేసే ప్రతిదాన్నీ
అంకె చేసి పట్టికలో పెట్టడం.

ఉప్పు మాట విన్నది.
నూనె విన్నది.
చింతపండు కాస్త గొణిగి తర్వాత విన్నది.
కొత్తిమీర దగ్గర ఆగిపోయాం.

కప్పులో వదులుగా పోస్తే పదహారు గ్రాములు.
వేళ్ళతో అదిమితే ముప్పై ఎనిమిది.
కాడలతో ఒక లెక్క, కాడలు తుంచితే ఒక లెక్క.
తరిగాక అదే ఆకు, అదే కప్పు,
ఇంకో అంకె.
లోపల ఆకెంతో గాలెంతో
కప్పు ఎప్పుడూ బయటపెట్టదు.

తెల్లారి నాలుగింటికి కె.ఆర్. మార్కెట్లో
ముబీనా కట్టల మీద నీళ్ళు చిలకరిస్తుంది.
ఆ నీళ్ళకీ మేమే డబ్బులిస్తాం.
సిల్క్ బోర్డు దగ్గర ఆటో గంటసేపు నిలబడితే
ఆ డబ్బులు ఆవిరి.
అక్కడ నూట పది తూగిన కట్ట
మా గుమ్మంలో తొంభై మూడు.
పదిహేడు గ్రాములు ట్రాఫిక్ మేసింది
అని రాయడానికి పట్టికలో గడి లేదు.

"ఒక్క బ్యాచ్‌కి ఎంత?" అంటాడు ప్రజ్వల్.
"ఒందు హిడి" అంటుంది ఓబుళమ్మ.
ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉండి
పాలు హాలైనట్టే
ఆమె పిడికెడు హిడి అయింది.
చెయ్యి మాత్రం కదిరిదే.

ఆ రాత్రి మన కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాను.
చిటికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు.
ఒక్కటీ ఒంటిని దాటి బయటికి పోలేదు.
చారడేసి కళ్ళు అన్నప్పుడు
ఎవరూ గ్రాములడగలేదు.
గింజలకి సోల చేయించారు, మానిక చేయించారు.
ఆకుకి ఏ పాత్రా చేయించలేదు,
నారతో ఒక చుట్టు చుట్టి
కట్ట అన్నారు, అంతే.

పది రోజులు ఆమె పిడికిలిని తూచాను.
కళాయి మీదికి పోతున్న చేతిని ఆపి
కాటా మీద విప్పించాను.
ఇరవై రెండు.
ముప్పై ఒకటి.
పద్దెనిమిది.
మళ్ళీ ముప్పై ఒకటి.
వాన పడ్డ మంగళవారం నలభై.
పచ్చడి మాత్రం పది రోజులూ
ఒకటే పచ్చడి.

ఇదేమిటమ్మా అంటే
ఒక ఆకు తుంచి నా ముక్కు కింద నలిపింది.
"వాన తాగిన ఆకు పాపా, వాసన పల్చన.
రొంత ఎక్కువ పడల్ల.
మీ కాటాకు ముక్కుంటాదా?"

సగటు తీశాను. ఇరవై ఎనిమిది.
ఆ పది రోజుల్లో ఒక్కనాడైనా
ఆమె చేతిలో ఇరవై ఎనిమిది లేదు.
ఎప్పుడూ మూయని పిడికిలి ఒకటి
పట్టికకెక్కింది.
ప్రజ్వల్ దాన్ని లామినేట్ చేయించి
పొయ్యి పక్కన అతికించాడు.

ఆషాఢంలో ఆమె మోకాలికి ఆపరేషన్.
నెలరోజులు బసవరాజు వండాడు, ఇరవై రెండేళ్ళవాడు,
గోడ చూసి, కాటా చూసి,
ఇరవై ఎనిమిదికి ఒక ఆకు ఎక్కువైతే
తీసి పక్కన పెట్టేవాడు.
డబ్బాలు వెళ్ళాయి. డబ్బులొచ్చాయి.
ఒక్క ఫిర్యాదూ రాలేదు.
వస్తుందేమోనని రోజూ ఫోను చూసింది
నేనొక్కదాన్నే.

ఆమె తిరిగొచ్చిన రోజు
బసవరాజు పచ్చడి వేలితో నాకి
"బాగుందే" అంది, నిజంగానే.
గోడ మీది కాగితం వైపు తిరిగి
"ఇండ్ల నా పిడి యాడుంది పాపా?" అంది.
అంకె మీద వేలు పెట్టి చూపించాను.
కాసేపు దాన్నీ,
కాసేపు తన అరచేతినీ చూసుకుంది.
బయట ముసురు.
బుట్టలోకి చెయ్యి పెట్టి
ఎంతో కొంత తీసి కళాయిలో వేసింది.
నేను కాటా ఆన్ చెయ్యలేదు.

వెళ్ళేముందు, గమనిక అని ఖాళీగా ఉన్న గడిలో
లామినేషన్ మీదే మార్కర్‌తో రాశాను:
వాన పడితే ఓబుళమ్మని అడగాలి.
ప్రజ్వల్ ఇంకా చూడలేదు.
ఆవిరి తగిలి
చివరి మాట ఇప్పటికే కాస్త చెదిరింది.