అరుపుకి మూడు గంటలు

బ్రూక్లిన్‌లో మూడో అంతస్తు, ఉత్తరపు కిటికీ.
నెల తిరక్కుండా నన్ను చంపుతాడు మా ఆయన.
పోయినసారి ఆక్టోపస్. అంతకుముందు
తేలు తలకాయ డాక్టరు. ఈసారి ఎందుకు చస్తానో
కవరు ఖాయమయ్యేదాకా కథ రాసేవాడికీ తెలీదు.

"చెయ్యి ఇంకాస్త పైకి, మిన్నా. భయపడు."
చీపురుకర్ర తుపాకీ, కర్టెన్ తాడు సంకెళ్లు.
రాక్షసుడి భుజాలు కింది వాటాలో
మాంసం కొట్టు యోస్ట్‌వి.
గంటకి పావు డాలరు, ఒక కప్పు కాఫీ.

సబ్‌వే మెట్ల పక్క స్టాండులో వేలాడుతుంటాను.
నన్ను దాటుకుంటూ నేనే పోతాను.
కుర్రాళ్లు తలెత్తరు. అక్కడి జుట్టు బంగారం,
ఇక్కడిది ఎలుకరంగు.

ఒక్కసారి నోరు మూసి వేశాడు.
పెదవులు బిగించి, తుపాకీ నా చేతిలో.
బావుంది, అన్నాను.
మర్నాడే తిప్పి పంపాడు ఎడిటరు:
పిల్ల అరవాలి. పసుపు పెంచాలి.
అరవని పిల్లని పదిహేను సెంట్లు పెట్టి ఎవడు కొంటాడు?

తెరిచాను. మూడు గంటలు మూయలేదు.
గొంతులో ఉన్నది అరుపు కాదు, లెక్క:
పాలవాడికి రెండు వారాలు, గ్యాసుకి నాలుగు డాలర్లు,
ఎర్రరంగు ట్యూబుల అప్పు.

అచ్చయ్యాక కాన్వాసులు చెత్తతో సమానం.
దాన్నే బొగ్గులకొట్టు కన్నానికి అడ్డం కొట్టాడు,
బొమ్మ లోపలికి తిప్పి.
రాత్రి బకెట్టుతో దిగితే
చీకట్లో నేను, ఇంకా అరుస్తూ.
మసి చేత్తో ఆ నోరు మూశాను.

పైకొచ్చేసరికి కొత్త కాన్వాసుకి తెల్లపూత ఆరుతోంది.
"రేపు మంచు మనుషులు," అన్నాడు
నా భుజాన శాలువా సర్దుతూ.
"అవునూ, బొగ్గులేవి?"