పది సెకన్లు

నగోయాలో వాన. రాత్రి రెండయింది.
చిజురు స్టాప్‌వాచ్ నొక్కి
పది సెకన్లు బాక్టీరియాను దాని మానాన వదిలి
గుప్పున ఐసు కుమ్మరించింది.

ఆ పదిలోనే
హెలికేస్ పురి విప్పింది.
ఒక పోగు మీద పాలిమరేజ్ ఏకబిగిన పరుగు.
రెండో పోగు మీద మాత్రం
ముందుకెళ్లి, వెనక్కి తిరిగి,
ముక్క, ఇంకో ముక్క.
తప్పు పడితే ఒక్కడుగు తగ్గి
కొరికి మళ్లీ రాసింది.
అతుకు కనపడనివ్వలేదు లైగేజ్.

"ప్రతి ముక్కకీ ముందు
పది అక్షరాలు ప్రైమేజ్ పెట్టాలి,"
వేళ్లు ఊదుకుంటూ అంది చిజురు,
"అవి లేనిదే పాలిమరేజ్ కాలు కదపదు.
పనయ్యాక చెరిపేస్తారు."

వ్యాసం వచ్చింది. నాలుగు పేర్లు.
ఐసు పోసిందెవరో లేదు.

తడిసిన సైకిలు సీటు
మోచేత్తో తుడుచుకుని
రేపటికి ఐసు చెప్పడానికి
చేపల మార్కెట్ వైపు తిప్పింది.