నాలుగు మంచుపలకల దూరం

బజ్జీల పొట్లం విప్పితే
నూనె మరకలో రెండు ఊళ్ళు కనిపించాయి.
భూగోళం నడినెత్తిన ఎక్కడో.
పేర్లు నోరు తిరగలేదు.
ఈ ఊరి నుంచి ఆ ఊరికి
విమానంలో నలభై నిమిషాలట.
రోడ్డు లేదట. వెయ్యరట.
‘వాతావరణం అనుకూలిస్తే’ అన్న చోట
కాగితం చిరిగిపోయింది.

రేవు మెట్ల మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
ఆ మాట నాకు బాగా తెలుసు.

బుధవారం, టీకాల రోజు.
ఒళ్ళో నీలం డబ్బా,
డబ్బాలో నాలుగు మంచుపలకలు,
వాటి నడుమ వేలెడంత సీసాలు.

ఎదర గట్టు గుమ్మడిలంక.
వాళ్ళ కోడి కూస్తే మా వీధి లేస్తుంది.
కూతవేటు దూరం అంటారే, అచ్చం అదే.
కూత ఇట్టే వెళ్తుంది.
మనిషి వెళ్ళాలంటే
ఓలేటి పోలయ్య రావాలి,
అతని ఇంజనుకి డీజిలు రావాలి,
వైనతేయలోకి పోటు రావాలి,
లేదా ఇసుకమేటకి పడవ పొట్ట ఆనుతుంది.
రోడ్డు మీద పోవచ్చు కదా అంటారు ఆఫీసులో.
పోవచ్చు. రెండు బస్సులు, ఒక ఆటో,
ముప్పై ఎనిమిది కిలోమీటర్లు,
ఆ చివరా ఇంకో పాయ,
ఆ పాయకీ ఇంకో పోలయ్య.

బిల్లులో దూరం గడిలో
కిలోమీటరుంబావు అని రాస్తాను.
సమయం గడిలో నాలుగు గంటలు.
ప్రతి కొత్త గుమస్తా ఎర్ర సిరాతో చుట్టి
‘సరిచూడగలరు’ అని తిప్పి పంపుతాడు.

పోలయ్య లెక్క వేరు.
‘ఏసంగిలో చుట్టన్నరండి.
వరదలో చుట్ట ఎలగదండి.’

నా లెక్క డబ్బాలో ఉంది.
పలక ఊపితే లోపల మంచుముక్క
గలగలమన్నంతసేపు దారి ఉన్నట్టు.
చప్పుడు ఆగి ఉత్త నీళ్ళయ్యాయా,
సీసా మీది బుల్లి గడి రంగు తిరిగిందా,
నేను ఎంత దగ్గరికి వచ్చినా
రానట్టే.

ఇవాళ ఏటి మీద మంచు.
మాఘం మంచు, మోకాళ్ళలోకి దిగేది.
పడవ ముక్కు పోలయ్యకే కనపడ్డం లేదు.
బయట మంచు కరగాలి,
లోపల మంచు కరక్కూడదు.
ఒకటే మాట, మా భాషలో, రెండింటికీ.
దేన్ని బతిమాలుతున్నానో
గోదారికి ఎలా తెలుస్తుంది?

నీటికాకి ఒకటి రేవు మీంచి దూకి
తెల్లదనంలోకి పోయింది.
నేను పది అంకెలు లెక్కపెట్టేసరికి
అవతల కుక్క మొరిగింది.
అదీ విమానం లెక్క.

‘సిస్టరూ, డబ్బా వచ్చిందా?’
దొమ్మేటి నాగరత్నం గొంతు.
చంకలో మూడున్నర నెలల వాడు,
వాడి ఏడుపూ దాటి వచ్చింది, తడవకుండా.
‘వచ్చింది! ఉండు!’ అని అరిచాను.
ఉండక ఎక్కడికి పోతుంది?

ఆ మంచూళ్ళలోనూ ఎవరో ఒకామె
ఇలాగే డబ్బా పట్టుకుని కూర్చుని ఉంటుంది,
ఆకాశం తెరుచుకోవాలని.
ఆమె దిగులు నాకు తిరగబడ్డది.
మందు గడ్డకడితే పాడు.
సీసాలు కోటు లోపల, చర్మానికి ఆనించి
పెట్టుకుంటుందేమో.
నేను నా పైట తీసి
డబ్బా మీద ఎండ పడకుండా కప్పాను,
ఎండ ఇంకా రాకముందే.

పోలయ్య రెండో చుట్ట ముట్టించాడు.
బజ్జీ చల్లారింది, తినేశాను,
కాగితం మడిచి రిజిస్టర్లో పెట్టాను.

పలక చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
గలగల.
ఇంకా ఉంది దూరం.