తడి గుడ్డ

తుపాకి సంగతి అందరడుగుతరు.
మూడు నెలలు మోసిన, రెండుసార్లు పేల్చిన,
ఒకటి తాటిచెట్టుకు తగిలింది. అంతే.

ఎవ్వరూ అడగని మాట ఒకటుంది:
పాకాల అడివిల, ముసురు వానల
ఉతికిన గుడ్డ ఎక్కడ ఆరేసినవు కొంరమ్మా, అని.

పొద మీద వేస్తే మిలట్రీకి జెండా.
బండ మీద వేస్తే పసులకాపరి కండ్లు.
దళనాయకుడు గట్టయ్య
కాపలా నేర్పిండు, చుక్కలు చూసి దారి పట్టుడు నేర్పిండు,
ఇది మాత్రం ఆయన నోటుబుక్కుల లేదు.

నేర్పింది సోమ్లి.
పొయ్యిల బూడిదె జల్లెడ పట్టి
పేగు లెక్క సన్నటి సంచి కుట్టిచ్చింది,
తడి గుడ్డను కడుపుకు చుట్టుకొమ్మన్నది.
"నీ వేడికే ఆరుతది పిల్లా, నడువు."
ఆ రాత్రి గూడూరు దాక నడిచినం.
ఆరింది.
తెల్లారేసరికి మళ్ల వాన.

సోమ్లి వాగవుతల పడిపోయింది.
ఆమె సంచిల నాలుగు తూటాలు, చారెడు బూడిదె.
గట్టయ్య తూటాలు ఏరుకొని
సంచి దులపబోతే చెయ్యి పట్టుకున్న.
నోట మాట రాలె.
ఆయనేమనుకున్నడో, అట్లనే నా చేతికిచ్చిండు.

ఇప్పుడు నర్సంపేటల, డాబా మీద
మనుమరాలు తీగకు ఆరేస్తది
ఎర్రవి, పచ్చవి, లోపలివి, బయటివి, అన్నీ ఎండల.
ఎక్కడో ఇమానం చప్పుడైతది.
మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కి
దొరికినన్ని గుంజుకొస్త.
"ఇంక ఆరలే గద అమ్మమ్మా" అంటది.

కడుపుకు అదుముకొని
కూసుంట.